మడత కత్తి: రైతు జేబులోది రౌడీ చేతికి ఎలా పోయింది

ఈసారి పోస్టు కాస్త పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

జేబులో పెట్టుకోడానికి చిన్న మడత కత్తి ఏది మంచిదని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. డ్రిప్పు పైపు కోయాలన్నా, ఎరువు బస్తా కుట్టు విప్పాలన్నా, పురికొస తెంపాలన్నా, చెట్టు కింద కాయ కోసి రుచి చూడాలన్నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కొడవలి జేబులో పట్టదు కదా. సంతలో వందకీ కత్తి దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో వేలల్లోనూ ఉంది. ఏది కొనాలో చెప్పే ముందు ఇవి ఎక్కడ పుట్టాయో, ఎవరి కోసం పుట్టాయో చెబుతా. పేరున్న ప్రతి మడత కత్తీ ఎవరో ఒకరి పని కోసం తయారైందే. ఆ పని ఏంటో తెలిస్తే మన పనికి ఏది సరిపోతుందో మనకే తెలిసిపోతుంది. వీటిలో చాలావాటికి మొదటి యజమాని పల్లెటూరి మనిషే. అలాంటిది ఇవాళ జేబులో మడత కత్తి ఉందంటే మనల్ని అనుమానంగా చూసే రోజులొచ్చాయి. అదెలా జరిగిందో కూడా చూద్దాం.

కత్తిని మడిచే తెలివి కొత్తదేం కాదు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే ఉప్పు గనుల ఊరి దగ్గర తవ్వకాల్లో దాదాపు 2500 ఏళ్ల నాటి మడత కత్తి దొరికింది. రోమన్లూ వాడారు. కానీ సామాన్యుడి జేబులోకి వచ్చింది మాత్రం 17, 18 శతాబ్దాల్లో, ఇంగ్లండులో షెఫీల్డ్ లాంటి ఊళ్లలో కత్తుల పని పెద్ద పరిశ్రమ అయ్యాకే.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కమ్మర్లు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూత బిగించి, కొలిమిలో కాచి, నిదానంగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి ఆ ఊళ్లోనే కూర్చునేవాళ్లు. 1820ల ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రజ్ఞుడు వెళ్లి ఆ పని కళ్లారా చూసి రాశాడు. అది 1832లో అచ్చయింది. ఈ రకం ఉక్కుని ఇంగ్లీషువాళ్లు వుట్జ్ అన్నారు. మన ఉక్కు అనే మాటే, తెలుగు కన్నడాల్లో ఉన్న మాటే, వాళ్ల నోట్లో అలా తిరిగిందని పండితులు చెబుతారు.

దీనికీ జేబు కత్తికీ సంబంధం ఏంటంటారా? 1790లలో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు ఈ వుట్జ్ ముద్దల్ని లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. బ్యాంక్స్ అప్పుడు అక్కడి రాయల్ సొసైటీకి అధ్యక్షుడు. దాన్ని పరీక్షించడానికి జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడికి ఇచ్చారు. ఆయన దాంతో ఒక కలం కత్తి సాగగొట్టాడు. కలం కత్తి అంటే ఈకను చెక్కి కలం చేసుకునే చిన్న కత్తి. పెన్ నైఫ్ అనే పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. సాగగొట్టడం చాలా కష్టమైందట. కానీ పదును నిలబడ్డ తీరు చూసి ఆ తర్వాత ఆయన తన అంగడి ప్రకటన కార్డు మీదే యూరప్ ఉక్కు కన్నా ఇండియా ఉక్కు మేలని వేయించుకున్నాడు. ఏళ్ల తరబడి రెండూ పక్కపక్కన వాడి చూసి చెప్పిన మాట అది. తర్వాత 1820 ప్రాంతంలో ఇదే స్టోడార్ట్‌తో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేసింది ఎవరో కాదు, కరెంటు పాఠాల్లో మనం చదువుకున్న మైకేల్ ఫెరడే. ఆయన తండ్రి కమ్మరి. స్టోడార్ట్ చేతికి వచ్చిన ముద్దలు కోనసముద్రంవే అని నేను అనడం లేదు, ఆ రకం ఉక్కు దక్షిణాదిలో చాలా చోట్ల తీసేవాళ్లు. ఇంత మంచి ఉక్కు తీసిన కొలిములు చల్లారిపోయాయి, దాని కిటుకు తెలుసుకోవాలని తిప్పలు పడ్డవాళ్ల దేశాల కత్తులు ఇవాళ మనం ఆన్‌లైన్‌లో కొంటున్నాం. సరే, ముందుకు పోదాం.

ఫ్రాన్స్ మధ్యలో ఓబ్రాక్ అనే ఎత్తైన పీఠభూమి ఉంది. అంతా గడ్డిభూమి, చలి, పశువుల మేత. అక్కడ లాగియోల్ అనే చిన్న ఊరు. రాసేది అలా, ఆ ఊరివాళ్లు పలికేది మాత్రం లాయోల్ అని. 1829లో పియర్ జాన్ కాల్మెల్స్ అనే ఆయన అక్కడ ఈ పేరుతో తెలిసిన కత్తి మొదలుపెట్టాడని చెబుతారు. ఆ ఊరి మగవాళ్లు చలికాలం కూలికి స్పెయిన్ వైపు వెళ్లేవాళ్లు. అక్కడి నవాహా అనే మడత కత్తి చూసి, తమ నాటు కత్తితో కలిపి ఈ సన్నటి వంపు కత్తి తయారుచేసుకున్నారు. 1840 ప్రాంతంలో దీనికి ఒక మొనదేలిన ఊచ తగిలించారు. అది పశువుల కాపరుల కోసం. తోలుకి బొక్క పెట్టడానికి, పలుపు ముడి విప్పడానికి. పచ్చి మేత ఎక్కువ తిని పొట్ట ఉబ్బిన ఆవుకి దాంతోనే డొక్కలో పొడిచి గాలి తీసేవాళ్లని కూడా చెబుతారు.

ఇది చదివి ఎవరూ ఆ పని చేయకండి. మన పశువుల డాక్టర్లు ఎడమ డొక్కలో పొడిచే ట్రోకార్‌కి చుట్టూ గొట్టం ఉంటుంది. మొన బయటికి తీసినా గొట్టం లోపల ఉండి గాలి పోతుంది. వట్టి మొనతో పొడిస్తే గొట్టం ఉండదు కాబట్టి లోపలి మేత రసం కడుపు సంచి దాటి కారి చీము పడుతుంది. గాలి పోయిందని సంతోషపడేలోపే గొడ్డు పోతుంది.

1880 ప్రాంతంలో అదే కత్తికి సారా సీసా బిరడా తీసే మెలిక కూడా చేరింది. కారణం చూస్తే మన ఊళ్లే గుర్తొస్తాయి. ఆ ప్రాంతం కుర్రాళ్లు పొట్ట చేతపట్టుకుని పారిస్ వెళ్లి కాఫీ హోటళ్లు, వైన్ కొట్లలో కుదిరారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్లడిగింది అది. అంటే కత్తి చూస్తే చాలు, ఊరి చరిత్ర తెలిసిపోతుంది. మొదట స్పెయిన్ వలస, తర్వాత పశువులు, ఆ తర్వాత పారిస్ వలస.

అసలు విషాదం ఆ పేరుది. కత్తికి పేరొచ్చింది కానీ ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. 20వ శతాబ్దంలో తయారీ చాలావరకు తియేర్ అనే వేరే ఊరికి పోయింది. 1987లో మళ్లీ ఊళ్లో పెద్ద కార్ఖానా తెరిచారు. ఇంతలో 1993లో ఊరికి సంబంధం లేని ఒక వ్యాపారి లాగియోల్ అనే పేరుని ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించుకుని బయటి దేశాల్లో చేయించిన సరుకు మీద కూడా వేసుకున్నాడు. ఊరు కోర్టుకెళ్లింది. 2012లో ఓడిపోయి, మా పేరే మాది కాదంటే ఈ బోర్డు ఎందుకని ఊరి పేరు బోర్డుని పీకేశారు. ఆ తర్వాతా వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. గుంటూరు సన్నం మిర్చికి, బంగినపల్లి మామిడికి జీఐ గుర్తింపు తెచ్చుకోవడం ఎందుకని అడిగేవాళ్లకి ఈ ఊరి కథ చెప్పండి. ఇవాళ చవగ్గా లాగియోల్ అని అమ్మేదాన్ని చూసి మోసపోకండి. దాని మీద తేనెటీగ బొమ్మ ఉన్నా లెక్కలోకి రాదు, అది ఎవరైనా వేసుకోవచ్చు.

లాగియోల్‌కి తాళం లేదు. వెన్ను మీద ఒక స్ప్రింగు పట్టీ బ్లేడుని తెరిచిన చోట పట్టి ఉంచుతుంది, అంతే. మొనతో గట్టిగా పొడిస్తే మడుచుకుని వేళ్ల మీద పడుతుంది. కోయడానికి సరే, గుచ్చడానికి కాదు. నా దృష్టిలో మడత కత్తుల్ని పోల్చాలంటే ముందు చూడాల్సింది ఇదే. ఉక్కు ఏదనేది తర్వాత, వేలి మీద మడుచుకోకుండా ఏది ఆపుతోంది అనేది మొదలు.

ఈ ప్రశ్నకి చక్కటి జవాబు ఇచ్చింది ఇంకో పల్లెటూరు. ఫ్రాన్స్‌లోనే, ఇటలీ సరిహద్దు కొండల్లో సవోయ్ ప్రాంతం. ఓపినెల్ కుటుంబం తరతరాలుగా గొడ్డళ్లు, కొమ్మలు నరికే కత్తులు చేసే కమ్మరి ఇల్లు. ఆ ఇంటి కుర్రాడు జోసెఫ్ ఓపినెల్ 1890లో, 18 ఏళ్ల వయసులో, రైతు జేబుకి సరిపోయే కత్తి ఒకటి చేశాడు. గుండ్రటి కర్ర పిడి, దానికి ఒక చీలిక, అందులో బ్లేడు, ఒక ఇరుసు, దాని చుట్టూ పట్టా. ఇంకేమీ లేదు. 1897కి 1 నుంచి 12 దాకా పన్నెండు సైజులు పెట్టాడు. చిన్న పిల్లవాడి చేతికి ఒకటి, పెద్ద చేతికి ఒకటి. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేది 8 నంబరు, బ్లేడు 8.5 సెంటీమీటర్లు. 1909లో దాని మీద కిరీటం పెట్టిన చెయ్యి గుర్తు వేశారు. ఆ చెయ్యి దగ్గరి ఊరు సాన్ జాన్ ద మోరియెన్ గుర్తులోంచి, కిరీటం సవోయ్ రాజ్యం నుంచి.

65 ఏళ్లపాటు ఓపినెల్‌కీ తాళం లేదు. ఇరుసు బిగింపు మీదే బ్లేడు నిలబడేది. 1955లో మార్సెల్ ఓపినెల్ ఒక చిన్న ఇనుప ఉంగరం చేర్చాడు. చీలిక ఉన్న ఉంగరం అది. బ్లేడు తెరిచి ఉంగరాన్ని తిప్పితే బ్లేడు వెనక్కి రాకుండా అడ్డం పడుతుంది. దీన్ని వీరోబ్లాక్ అంటారు. 2000లో ఇంకొంచెం మార్చి, మడిచినప్పుడు కూడా తెరుచుకోకుండా చేశారు. స్ప్రింగు లేదు, స్క్రూ లేదు. మొత్తం ఐదు ముక్కలే. మన ఊరి కమ్మరి చూసినా వెంటనే అర్థమయ్యే పనితనం. ఒక వస్తువు గొప్పదనం దాన్ని ఎంత సులువుగా బాగుచేసుకోవచ్చు అనే దాంట్లోనే ఉందని నమ్మేవాణ్ణి నేను, అందుకే దీని మీద నాకు పక్షపాతం ఉంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి.

లోపం కూడా చెప్పాలి. పిడి కర్రది. వానాకాలం నీళ్లలో తడిస్తే కర్ర ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది, గోరుతో లాగినా రాదు. సవోయ్ రైతులు దానికి ఒక కిటుకు కనిపెట్టారు. పిడి అడుగు భాగాన్ని బల్ల మీదో రాయి మీదో టక్కున కొడితే ఆ అదటుకి బ్లేడు కొంచెం పైకి లేస్తుంది. అప్పుడు వేలితో లాగుతారు.

స్విట్జర్లాండ్ కత్తి కథ వేరు. ఎర్ర పిడి, తెల్ల సిలువ గుర్తు, లోపల నాలుగైదు పనిముట్లు. మన గల్ఫ్ వాళ్లు చాలామంది తెచ్చి చూపించిందే. అది రైతు కోసం పుట్టలేదు, సిపాయి కోసం పుట్టింది. 1889లో వాళ్ల సైన్యానికి కొత్త తుపాకి వచ్చింది. దాన్ని విప్పడానికి స్క్రూ డ్రైవర్ కావాలి, డబ్బాల్లో వచ్చే తిండి తెరవడానికి ఒక కొక్కెం కావాలి. అన్నీ కలిపి ఒకే కత్తి అడిగారు. 15,000 కత్తులు అంత తొందరగా చేయగలిగే వాళ్లు స్వదేశంలో లేక మొదటి సరుకు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చింది. కార్ల్ ఎల్సెనర్ అనే కత్తుల పనివాడికి ఇది నచ్చలేదు. 1884లో ఇబాక్ అనే ఊళ్లో అంగడి పెట్టుకున్నాడు. పని దొరక్క జనం దేశం వదిలి పోతున్న రోజులవి. తోటి పనివాళ్లని సంఘంగా కలిపి 1891లో సైన్యానికి సరుకు ఇచ్చాడు. జర్మనీ సరుకు చవక కావడంతో మిగతావాళ్లు తప్పుకున్నారు, ఆయన దివాలా అంచుకి వెళ్లాడు, బంధువులు ఆదుకున్నారు. 1897లో ఇంకా తేలికైన అధికారుల కత్తిని రిజిస్టర్ చేయించాడు. దానిలో ఒకే స్ప్రింగు రెండు వైపుల పనిముట్లనీ పట్టి ఉంచుతుంది. అసలు కిటుకు అదే. 1909లో తల్లి విక్టోరియా చనిపోతే ఆమె పేరు సరుకుకి పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు చేరాక, దాని ఫ్రెంచి పేరులోని ఇనాక్స్ కలిపి విక్టోరినాక్స్ అయింది.

ఇందులో బ్లేడు పల్చన. కాయ కోయడానికి, ప్యాకెట్ విప్పడానికి బాగుంటుంది. మోటారు స్టార్టర్ డబ్బా మూత స్క్రూలు తీయడానికి దీన్ని మించింది లేదు. మెయిన్ ఆపేశాకే సుమా. మామూలు మోడల్‌లో బ్లేడుకి తాళం ఉండదు. గట్టి పుల్ల చెక్కడం మొదలుపెడితే చేతికి పిడి నొప్పి పెడుతుంది.

జపాన్‌లో మికి అనే ఊరి కత్తి హిగోనోకామి. 1890లలో మొదలైంది. ఒక ఇనుప రేకుని మడిచి పిడి, బ్లేడు వెనక తోక లాంటి చిన్న కొన. తాళం లేదు, స్ప్రింగూ లేదు. ఆ తోకని బొటనవేలితో నొక్కి పట్టుకుంటేనే బ్లేడు నిలబడుతుంది. అంటే మన వేలే తాళం. ఒకప్పుడు అక్కడ బడి పిల్లల జేబుల్లో ఇది ఉండేది, పెన్సిల్ చెక్కుకోడానికి. 1960 అక్టోబర్‌లో టోక్యోలో సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరోని సభా వేదిక మీదే 17 ఏళ్ల కుర్రాడు చిన్న ఖడ్గంతో పొడిచి చంపాడు. పొడిచింది ఈ కత్తితో కాదు. అయినా పిల్లల చేతికి కత్తి ఇవ్వొద్దనే ఉద్యమం దేశమంతా లేచింది. కొన్నేళ్లలో హిగోనోకామి బడి సంచుల్లోంచి మాయమైంది. చేసేవాళ్లు తగ్గిపోయి ఇవాళ ఒక్క ఇంటివాళ్లే మిగిలారు.

మన దేశంలోనూ అలాంటిదే జరిగింది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ కత్తి, రాంపురీ చాకు, నవాబుల కాలం నుంచి పేరున్న పనితనం. దాని ఇరుసు దగ్గర పళ్ల చక్రం లాంటి ఏర్పాటు ఉండి కర్రుకర్రుమని తెరుచుకుంటుంది, తెరిచాక తాళం పడుతుంది. పనితనం పరంగా చూస్తే అది మంచి తాళమే. కానీ బ్లేడు పొడవు 9 అంగుళాల నుంచి పైకి. ఆ పొడవుతో ఏ రైతుకీ పని లేదు. 1960ల నుంచి హిందీ సినిమాల్లో విలన్ చేతిలో ఆ చాకు ఉండాల్సిందే. ఆ శబ్దం వింటే చాలు హాల్లో జనానికి అర్థమైపోయేది. 1990లలో అక్కడి ప్రభుత్వం 4.5 అంగుళాలు దాటిన బ్లేడు తయారీని నిషేధించింది. వందలాది అంగళ్ల వీధి చప్పబడింది. 2023లో అదే ఊళ్లో కూడలి మధ్య దాదాపు 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు. చేసే చేతులు తగ్గిపోయాక బొమ్మ పెట్టడం మనవాళ్లకి అలవాటే కదా.

రౌడీకి పొడవు కావాలి, చప్పుడు కావాలి, ఒక్క విదిలింపుతో తెరుచుకోవాలి. రైతుకి ఇవేవీ వద్దు. అయినా సినిమాలో చూసింది ఆ ఒక్క కత్తే కాబట్టి మూడంగుళాల కత్తి మీద కూడా అదే మచ్చ పడింది.

చట్టం ఏమంటుందో కూడా చూడండి, భయం తగ్గుతుంది. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నియమాల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో చేర్చారు. అందులోనే ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పరిశ్రమ పనులకి తయారైన వాటిని మినహాయించారు. మూడు నాలుగు అంగుళాల కత్తి ఆ కొలతల దరిదాపుల్లోకే రాదు. అలాగని కోర్టుకి, మెట్రో రైలుకి, రాజకీయ సభలకి తీసుకెళ్లకండి, గేటు దగ్గరే తీసేసుకుంటారు. విమానంలో చేతి సంచిలో అసలు పెట్టొద్దు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత ఈ నిబంధనలు బిగుసుకుని ఆ స్విస్ కంపెనీ జేబు కత్తుల అమ్మకాలే మూడో వంతు దాకా పడిపోయాయి.

మీ పిల్లలు ఇంగ్లండులో చదువుతుంటే ఈ ముక్క వాళ్లకి పంపండి. అక్కడ 1988 చట్టం ప్రకారం 3 అంగుళాల లోపు, తాళం లేని మడత కత్తి మాత్రమే కారణం చెప్పకుండా జేబులో ఉంచుకోవచ్చు. తాళం ఉందంటే దాన్ని మడత కత్తి కింద లెక్కపెట్టరు, తగిన కారణం చూపాలి. ఓపినెల్ 8 నంబరు అక్కడ ఇబ్బంది, చిన్న స్విస్ కత్తికి ఇబ్బంది లేదు. వేళ్లని కాపాడే తాళమే అక్కడ నేరానికి గుర్తు అయింది. చట్టం రాసినవాళ్లెవరూ డ్రిప్పు పైపు కోసి ఉండరు.

ఇక మన పనికి. పొలం పనికి తాళం ఉన్నదే తీసుకోండి, ముఖ్యంగా చెమట చేతులతో పైపు, తాడు, రబ్బరు కోసేవాళ్లు. బ్లేడు మూడు, మూడున్నర అంగుళాలు చాలు. నాటు ఉక్కు అంటే కార్బన్ ఉక్కు మన సానరాయి మీద నాలుగు రాపిళ్లకే పదునెక్కుతుంది, కానీ మామిడి, నిమ్మ, చింతకాయ పులుపుకి నల్లబడుతుంది, తడిగా మడిస్తే తెల్లారేసరికి తుప్పు. కోసిన వెంటనే తుడిచి, వారానికోసారి కొబ్బరి నూనె చుక్క పూస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. అంత ఓపిక లేనివాళ్లు, ఎరువు చేతులతో అలాగే జేబులో వేసుకునేవాళ్లు స్టీలుదే కొనండి. సంతలో దొరికే చవక కత్తి అయినా సరే, కొనే ముందు తెరిచి పట్టుకుని బ్లేడుని పక్కలకి కదిపి చూడండి. ఇరుసు దగ్గర లొడలొడలాడితే వదిలేయండి. తాళం ఉన్నదైతే తాళం వేసి, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, వెన్ను వైపు బల్ల మీద మెల్లగా తట్టండి. మడుచుకుందంటే మీ వేలు కాపాడుకున్నట్టే. అంటు కట్టే చాకు మాత్రం వేరేగా పెట్టుకోండి. దాంతో బస్తాలు విప్పకండి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లేటప్పుడు స్పిరిట్‌తో తుడవండి.